ఉద్యాపనము లేని నోము

ఉగాది పచ్చడి రుచి నాలుకమీద నుండగనే మన యిండ్లలో లెక్కలు మొదలగును. ఈ యేడు కాసు బంగారము కొనవలెను. వచ్చు నేడు పిల్లవానిని ఫలానా బడిలో చేర్పవలెను. మూడేండ్లలో సొంత యిల్లు, ఆపై అయిదేండ్లలో అమ్మాయి పెండ్లి. శ్రావణ మంగళగౌరీ నోమును అయిదేండ్లు నోచి ఉద్యాపనము చేసికొన్నట్లే, బ్రతుకును గూడ ఏండ్లు లెక్కించి నోచి తీర్చుకొనవచ్చునని మన నమ్మకము. నోములో నొక సౌకర్యము కలదు. శ్రావణమాసము ఏటేట తప్పక వచ్చును. బ్రతుకులో రావలసినవి యట్లు వచ్చునని యెవరు పూచీపడగలరు?

తులసికోట ముందటి దీపమునకు ఇన్నేండ్లను లెక్క లేదు, ఉద్యాపనము లేదు. ఇల్లు మారినచో అదియు వెంట వచ్చును. కోట కట్టుకొనుటకు చోటు లేనివారు బాల్కనీలోని కుండీముందే వెలిగింతురు. ఒకనాడు తప్పినంత మాత్రమున అంతవరకు వెలిగించినది వ్యర్థము కాదు. జీవితములో ముఖ్యమైన కోరికలను ఈ దీపమువలె పెట్టుకొనవచ్చును గదా యని మాకు తోచుచుండును.

మేము కొల్లూరులో నుండుటచేతనే యీ ఆలోచన బలపడినదని చెప్పవచ్చును. సంగారెడ్డి జిల్లాలోని యీ యూరికి ఔటరు రింగురోడ్డు వచ్చినది. ఒక వంక పటాన్‌చెరువు కర్మాగారములు, ఇంకొక వంక నానాటికి దగ్గరకు వచ్చుచున్న నగరము. జనులు "డబుల్ బెడ్రూము ఇండ్లు" అని పిలుచు 15,660 ఇండ్ల సముదాయము ఇక్కడనే 2023 జూన్ 22వ తేదీన ప్రారంభమైనది. ఏండ్ల తరబడి అద్దె యిండ్లలో నలిగిన యెందరికో "సొంత యిల్లు" అను గురి అట్లు నెరవేరినది. చాల సంతోషింపదగిన విషయము. కాని తాళపుచెవి చేతికి వచ్చిన మరునాడు సూర్యు డెప్పటివలెనే ఉదయించును. పాత పేటలో నాలుగిండ్ల పని చేసికొను స్త్రీకి ఆ నాలుగిండ్లును ఇప్పుడు దూరమైనవి.

మే మెరిగిన యిల్లా లొకతె యట్టిదే. పాత గల్లీ మొగలో కుట్టుపని దుకాణము పెట్టవలెనని రూపాయి రూపాయి కూడబెట్టుకొన్నది. ఇల్లు వచ్చినది, గల్లీ పోయినది, దానితో దుకాణపు టాలోచనయు పోయినది. ఆమె యేడ్చునేమో యనుకొంటిమి. "దుకాణం కాకుంటె ఇంకోటి, అక్కా. నా బిడ్డ నా లెక్క వేలిముద్ర వెయ్యద్దు, గంతే" అన్నది. కొంతకాల మొక ఫ్యాక్టరీలో సామాను పెట్టెలకెత్తు పని చేసినది. ఆ పని యాగినది. ఇప్పుడు సాయంకాలములందు టిఫిను బండి నడుపుచున్నది. మూడు పనులు మారినవి గాని, ఏ పనికొరకు ఆ పనులన్నియు చేసెనో అది మారలేదు.

ఈ మాట వినినప్పుడు మాకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గుర్తునకు వచ్చినది. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన యామె జీవితమును గమ్యముల లెక్కన చూచితిమా, ఎన్నిమారులో దారి తెగినట్లుండును. ఇంగ్లీషు చదువును బలవంతముగ రుద్దుచున్నారని బాల్యముననే బడి విడిచినది. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయినది. రాజ్యాంగ సభలో సభ్యురాలై పేరుగాంచిన తరువాతగూడ, 1952 ఎన్నికలలో పార్లమెంటునకు పోటీచేసి ఓడినది.

ఐనను బడి విడిచిన యా బాలికయే తోడి బాలికలకు హిందీ పాఠశాల నడిపినది. తాము చేసిన నేరమేమో, తమకు గల హక్కేమో యెరుగని స్త్రీలను చెరసాలలో చూచి, న్యాయశాస్త్రము చదువ నిశ్చయించినది. అందులకు మెట్రిక్యులేషను మొదలుకొని చదువవలసి వచ్చినది; చదివి, 1942లో లా పట్టా పొందినది. నడుమ 1937లోనే మద్రాసున ఆంధ్ర మహిళా సభ వెలసినది. ఎన్నికలలో ఓడిన పిదప ప్రణాళికా సంఘ సభ్యురాలైనది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డునకు మొదటి అధ్యక్షురాలైనది. చదువు నడుమ నాగిపోయిన పెద్దవయసు స్త్రీలు కొద్దికాలములోనే చదువు ముగించుకొను సంక్షిప్త విద్యాక్రమమును 1958లో ఆ బోర్డు ప్రారంభించినది. ఆడువారికి చదువు, చదువుతో నిలబడు శక్తి: చేతికి దొరికిన సాధనముతో ఆమె చేసిన దిదియే. పార్లమెంటు సభ్యత్వమే ఆమెకు సర్వస్వమైయుండినచో 1952తో కథ ముగిసియుండును.

గురి లేకున్న సోమరితనము పెరుగదా యని అడుగువారు కలరు. అడుగదగిన మాటయే. పరీక్షకు, అప్పు కిస్తీకి, తొలకరి విత్తులకు తేదీ యుండియే తీరవలెను. "అందరితో మంచిగ నుండవలెను, సుఖముగ బ్రతుకవలెను" అనువారును కలరు. అది వట్టి ఆశీర్వచనము గాని, బ్రతుకును నడిపించునది కాదు. రాత్రి దీపమార్పునప్పుడు "నేడు దీనికొరకు ఏమైన చేసితినా?" యని అడిగిన, ఔననియో కాదనియో జవాబు రావలెను. వేలిముద్ర వెయ్యద్దన్న మాటకు అట్టి జవాబు వచ్చును.

ఆమె కూతు రిప్పుడు పదవ తరగతి. ఎంతవరకు చదువునో, ఏ యుద్యోగము చేయునో తల్లి యిప్పుడే చెప్పదు. బండి సర్దుకొన్న తరువాత ఆనాటి వచ్చుబడిని, ఖర్చును బిడ్డచేత చిన్న పుస్తకములో వ్రాయించును. బిడ్డ నేర్పిన నాలుగక్షరములతో, క్రింద తాను సంతకము చేయును.