బండెక్కిన మంచుబండి

అమెరికా స్నోమొబైల్ పరిశ్రమకు పురుడు పోసిన ఉత్తర మిన్నెసోటాలో ఇంటి గుమ్మంలోంచే మంచు మీదికి దూసుకెళ్లే రోజులు తగ్గిపోతున్నాయి. మంచు ఉన్నచోటికి బండిని మోసుకెళ్లే ట్రైలర్‌ను ఎంచుకోవడమంటే ఇప్పుడు రాబోయే చలికాలాల మీద పందెం కాయడమే.

డిసెంబర్‌లో రోజోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. కెనడా సరిహద్దుకు 16 కి.మీ. దూరంలో, మూడు వేల లోపు జనాభాతో ఉన్న ఈ అమెరికా పట్నంలో జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం మామూలే. అయినా శుక్రవారం వచ్చిందంటే ఇళ్ల ముందు హడావుడి మొదలవుతుంది. పికప్ వాహనం వెనక్కి వస్తుంది. కొక్కెం తగులుతుంది, గొలుసులు బిగుస్తాయి, వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. ఆ పికప్ లాగబోయేది కిటికీల్లేని గదిలాంటి ఓ పెట్టె. మన ఊళ్లలో తిరిగే డీసీఎం వ్యాన్ నుంచి ఇంజన్, క్యాబిన్ ఊడదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. దాని వెనక తలుపు కిందికి వాలిస్తే అదే వాలుబల్ల. దాని మీదుగా రెండో, నాలుగో స్నోమొబైళ్లు లోపలికెక్కి కూర్చుంటాయి.

నిజానికి ఈ ఊరికి ఆ పెట్టెతో పనిపడటమే ఓ వింత. ఎందుకంటే అమెరికాలో స్నోమొబైల్ పరిశ్రమకు పురుడు పోసిన ఊళ్లలో రోజో ముఖ్యమైనది.

గడ్డికోత యంత్రాల షెడ్డులో

వ్యవసాయ పనిముట్లు చేసే చిన్న కంపెనీగా 1954లో ఇక్కడ పొలారిస్ మొదలైంది. ఎడ్గర్ హెటీన్, అలన్ హెటీన్, డేవిడ్ జాన్సన్ దాని వ్యవస్థాపకులు. చలికాలంలో పొలాల పని ఉండదు, వేటకూ చేపలకూ మంచులో నడిచి పోవాలి. ఆ కష్టం తప్పించుకోవడానికి జాన్సన్ బృందం ధాన్యం పైకెత్తే కన్వేయర్ భాగాలు, పాత షెవర్లే కారు బంపర్ వాడి ఓ మంచుబండి కట్టింది. ఎడ్గర్‌కు మొదట్లో అది నచ్చలేదు. కానీ చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో దాన్ని ఊళ్లోని కలప వ్యాపారికి 465 డాలర్లకు అమ్మేశారు. 1960లో ఎడ్గర్ కొందరితో కలిసి అలాస్కాలో బెతెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా 1,600 కి.మీ.కు పైగా మంచుబళ్ల మీదే వెళ్లి, ఇది ఆటబొమ్మ కాదని చాటాడు. ఆ యాత్ర తర్వాత పొలారిస్‌ను వదిలి, దక్షిణాన సుమారు 100 కి.మీ. దూరంలో ఉన్న థీఫ్ రివర్ ఫాల్స్‌లో మరో కంపెనీ పెట్టాడు. అదే ఆర్కిటిక్ క్యాట్ అయింది. వాళ్లకన్నా ముందే కెనడాలోని క్యుబెక్‌లో జోసెఫ్-ఆర్మాండ్ బొంబార్డియర్ మంచు వాహనాలు చేస్తున్నాడు. 1959లో ఆయన తెచ్చిన స్కీ-డూ ఈ సరదాను ఇంటింటికీ చేర్చింది. 1970ల మొదట్లో ఉత్తర అమెరికాలో ఏడాదికి దాదాపు ఐదు లక్షల స్నోమొబైళ్లు అమ్ముడయ్యాయి. ఆ తర్వాత ఆ స్థాయి మళ్లీ రాలేదు.

ఆ రోజుల్లో ట్రైలర్ అవసరం అంతగా ఉండేది కాదు. షెడ్డు తలుపు తీసి, ఇంజన్ తిప్పి, రోడ్డు పక్క గుంతలోకి దిగితే చాలు, అక్కడి నుంచి ఎక్కడికైనా దారే. ఇప్పటికీ మిన్నెసోటాలో 35,000 కి.మీ.కు పైగా స్నోమొబైల్ దారులున్నాయి. వాటిలో చాలాభాగాన్ని చదునుచేసి నడుపుతున్నది స్థానిక క్లబ్బుల స్వచ్ఛంద సేవకులే. బళ్ల రిజిస్ట్రేషన్ రుసుము, పెట్రోలు పన్నులో వాటా నుంచి ప్రభుత్వం వాళ్లకు గ్రాంటు ఇస్తుంది. సీజన్ డిసెంబర్ 1న మొదలై మార్చి నెలాఖరుకు ముగుస్తుంది. అయితే అది కాగితం మీద లెక్క. నేల గడ్డకట్టాలి, దానిమీద మంచు పడాలి, పడింది నిలవాలి. ఈ మూడూ కుదిరితేనే దారి తెరుచుకుంటుంది.

2023-24 చలికాలంలో ఆ మూడూ కుదరలేదు. జంటనగరాలైన మినియాపొలిస్-సెయింట్ పాల్‌కు అది నమోదైన చలికాలాల్లోకెల్లా వెచ్చనిది. ఎల్ నీనో తోడై రాష్ట్రంలో చాలా దారులు తెరుచుకోనే లేదు. తెరుచుకున్నవి కొద్దిరోజులకే మూతపడ్డాయి. మోటెళ్లు, దారి పక్క రెస్టారెంట్లు, పెట్రోలు బంకులు ఆదాయం కోల్పోయాయి. తప్పనిసరిగా మంచు మీద తిరగాలనుకున్నవారికి మిగిలిన మార్గం ఒక్కటే. బండిని పెట్టెలోకెక్కించి పడమట రాకీ పర్వతాల వైపు వెళ్లడం. రోజో నుంచి మోంటానాలోని వెస్ట్ యెల్లోస్టోన్‌కు 1,600 కి.మీ. పైనే. రానూపోనూ కలిపితే హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చినంత.

పెట్టె కాదు, పందెం

అంత దూరం మోసుకెళ్లే బండి మామూలు బల్ల ట్రైలర్ మీద వెళ్తే ఏమవుతుందో ఇక్కడివారికి బాగా తెలుసు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు, బురదతో కలిసి బండిని కప్పేస్తుంది. రేడియేటర్‌కూ అల్యూమినియం చట్రానికీ అది చేటు. రాత్రి మోటెల్ ముందు ఆపితే దొంగల భయం. మూసిన పెట్టె ఈ రెండింటినీ తప్పిస్తుంది. పైగా గడ్డకట్టే చలిలో బట్టలు మార్చుకోవడానికి, తడిసిన బూట్లు ఆరేసుకోవడానికి గదిలా పనికొస్తుంది. అందుకే ఏటా సెప్టెంబర్‌లో మినియాపొలిస్‌కు ఉత్తరాన నార్త్ బ్రాంచ్‌లో జరిగే ‘హే డేస్’ లాంటి సంతల్లో కొత్త స్నోమొబైళ్లతో పాటు ట్రైలర్ల ముందూ జనం కనిపిస్తారు. పచ్చగడ్డి మీద మంచుబళ్ల పందేలు చూడటానికి వచ్చినవారు పనిలోపనిగా పెట్టె లోపలికెక్కి గోడలు తట్టి చూస్తారు.

తట్టి చూస్తే తెలిసేది తక్కువ. చూడాల్సింది చట్రం మీద అతికించిన చిన్న పట్టీలోని అంకెలు. అక్కడే అసలు కిటుకుంది. మిన్నెసోటా సహా చాలా రాష్ట్రాల్లో మొత్తం బరువు 3,000 పౌండ్లు, అంటే 1,360 కిలోలకు చేరిన ట్రైలర్‌కు సొంత బ్రేకులుండాలి. అందుకని ఒంటి ఇరుసు ట్రైలర్లు చాలావాటి మీద తయారీదారులు 2,990 పౌండ్లు (1,356 కిలోలు) అని రాస్తారు. ఇరుసు అంతకన్నా ఎక్కువే మోయగలిగినా బ్రేకుల ఖర్చు తప్పించుకోవడానికి వేసిన గీత అది. ఆ అంకెలో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుందన్నది కొనేవాళ్లు మరిచిపోయే సంగతి. పన్నెండు అడుగుల పెట్టె సొంత బరువు 600 కిలోలనుకుంటే మిగిలేది 756. ఒక్కోటీ 260 కిలోల చొప్పున రెండు స్నోమొబైళ్లు, పెట్రోలు క్యాన్లు, హెల్మెట్లు, పనిముట్లు పెట్టినా ఇంకా కాస్త వెసులుబాటు ఉంటుంది.

చిక్కల్లా మంచు పడని ఏడాది వస్తుంది. బురదలోనూ ఇసుకలోనూ నడిచే నాలుగు చక్రాల పెద్ద ఏటీవీ ఒక్కోటి 350 కిలోల పైమాటే. రెండెక్కిస్తే సామాన్లకు చోటున్నా బరువుకు చోటుండదు. ఇద్దరు పక్కపక్కన కూర్చునే సైడ్-బై-సైడ్ అయితే ఒక్కటే 600 నుంచి 800 కిలోలు తూగుతుంది. ఎత్తూ ఎక్కువే. స్నోమొబైళ్ల కోసం గాలికి ఎదురు తగ్గేలా అయిదున్నర అడుగుల ఎత్తులో కట్టిన పెట్టెలో అది పట్టనే పట్టదు. అంటే మంచును నమ్మి కొన్న ట్రైలర్ చక్రాలకు పనికిరాదు. చక్రాలకూ పనికిరావాలంటే రెండిరుసులు, బ్రేకులు, ఏడడుగుల ఎత్తు కావాలి. దాన్ని లాగడానికి పెద్ద పికప్ కావాలి, ఖాళీగా లాగినా పెట్రోలు తాగుతుంది. నాలుగు బళ్లు పట్టే అల్యూమినియం ట్రైలర్ ధర ఒక కొత్త స్నోమొబైల్ ధరకు తీసిపోదు. కాబట్టి డీలర్ దగ్గర నిలబడి కుటుంబం తేల్చుకోవాల్సింది పెట్టె రంగు కాదు. రాబోయే పదేళ్లలో ఎన్ని చలికాలాలు చలికాలాల్లా ఉంటాయన్నదే ఆ ప్రశ్న.

ఎడ్లబండి చెప్పే పాఠం

పరిమాణం తేలాక మిగతావి అనుభవంతో అబ్బే సంగతులు. రోడ్డు మీద వెడల్పు 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. స్నోమొబైల్ ముందు స్కీల మధ్య దూరమే 40 అంగుళాల పైన. అందుకే ఆ గరిష్ఠ వెడల్పులో కూడా రెండింటిని పక్కపక్కన పెడితే గోడలకు రాసుకునేంత దగ్గరవుతుంది. కొందరు ఒకదాన్ని కాస్త ముందుకు, మరోదాన్ని కాస్త వెనక్కి జరిపి పెడతారు. పెట్టె ముందుభాగం కోణంగా ఉండి, అక్కడ కూడా వాలుతలుపు ఉంటే వెనక నుంచి ఎక్కించి ముందు నుంచి దించుకోవచ్చు. 250 కిలోల బండిని చేతుల్తో వెనక్కి లాగే పని తప్పుతుంది. స్కీల కింద ఉండే గట్టి లోహపు పట్టీలు ప్లైవుడ్ నేలను చెక్కేస్తాయి కనుక వాటి దారిలో ప్లాస్టిక్ పట్టాలు వేయించుకోవాలి. ఉప్పుకు ఉక్కు చట్రం తుప్పు పడుతుంది, అల్యూమినియం ఎక్కువ కాలం నిలుస్తుంది, ధర మాత్రం ఎక్కువ. గాలి ఆడే రంధ్రాలు తప్పనిసరి. లేకపోతే కరిగిన మంచు తేమకు గోడలు బూజు పడతాయి, పెట్రోలు ఆవిరి లోపలే పేరుకుంటుంది. తలుపులు మూసి ఇంజన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పాఠం మాత్రం మన ఎడ్లబండి తోలినవారికి కొత్త కాదు. బరువు వెనకపడితే నొగ పైకి లేచి ఎడ్ల మెడలు బిగుస్తాయి, మరీ ముందుకొస్తే కాడి కింద మెడలు కుంగుతాయి. ట్రైలర్‌కూ అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. అంతకన్నా తగ్గితే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది, చివరికి పికప్‌నే పక్కకు ఈడుస్తుంది. స్నోమొబైల్ ఇంజన్ ముందుంటుంది కనుక ముక్కు ముందుకు పెట్టి ఎక్కిస్తే బరువు సరైనచోటే పడుతుంది. సైడ్-బై-సైడ్‌లలో చాలావాటికి ఇంజన్ సీటు వెనక ఉంటుంది. అలవాటుగా ముక్కు ముందుకే పెట్టి, వెనక తలుపు దగ్గర ఆపేస్తే బరువంతా తోకలోకి పోతుంది. రోజోకు నైరుతిన రెడ్ రివర్ లోయ బల్లపరుపు నేల. గాలిని ఆపే గుట్టా చెట్టూ తక్కువ. అడ్డగాలి ఎత్తైన పెట్టెను గోడను తోసినట్టు తోస్తుంది. అక్కడ రోడ్డు మీద మంచుపెచ్చు కూడా ఉంటే బరువు సర్దడంలో చేసిన చిన్న పొరపాటుకు శిక్ష పెద్దది.

సరస్సుల దగ్గర మరో లెక్క. రోజోకు ఈశాన్యాన ఉన్న లేక్ ఆఫ్ ది వుడ్స్ మీద చలికాలమంతా చేపల వేట సాగుతుంది. మిన్నెసోటా సహజ వనరుల శాఖ సూచన ప్రకారం స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాల మందం మంచుగడ్డ చాలు, మధ్యరకం పికప్‌కు 13 అంగుళాలు కావాలి. సీజన్ మొదట్లో ట్రైలర్ ఒడ్డునే ఆగిపోతుంది, చిన్నబళ్లు మాత్రమే గడ్డ మీదికి దిగుతాయి. చలి ఆలస్యమైతే ఆ ఒడ్డున ఆగే రోజులూ పెరుగుతాయి.

ఎవరికి ఏది మిగిలింది

పరిశ్రమ తన పందెం ఎప్పుడో మార్చుకుంది. 1985లోనే పొలారిస్ తొలి ఏటీవీని తెచ్చింది. నేడు ఆ కంపెనీ వ్యాపారంలో సింహభాగం చక్రాల బళ్లదే. ఆ పేరు మనకూ కొత్త కాదు, ఐషర్‌తో కలిసి 2015లో ‘మల్టిక్స్’ తెచ్చి 2018లో చేతులెత్తేసింది ఈ కంపెనీయే. యమహా స్నోమొబైళ్ల తయారీ నుంచి తప్పుకుంటున్నట్టు 2023లో ప్రకటించింది. 2017లో ఆర్కిటిక్ క్యాట్‌ను కొన్న టెక్స్‌ట్రాన్, థీఫ్ రివర్ ఫాల్స్‌లో ఉత్పత్తి నిలిపేస్తున్నట్టు 2024 డిసెంబర్‌లో చెప్పింది. 2025లో కొత్త యజమానులు చేపట్టాకే ఆ ఊరు ఊపిరి పీల్చుకుంది. ఫ్యాక్టరీకి ఒక మంచి చలికాలం, ఒక చెడ్డ చలికాలం అంటే జీతాల లెక్క.

ఈ బాధ ఆ ఒక్క ఖండానిదే కాదు. మిన్నెసోటా దారులు మూతపడి ఉన్న 2024 జనవరిలోనే కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో గడ్డినేల బయటపడి పర్యాటకులు వెనుదిరిగారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు లేక మార్చికి వాయిదా పడ్డాయి. అక్కడ ‘స్నో స్కూటర్’ అని పిలిచే మంచుబళ్లను అద్దెకు తిప్పి బతికేవారున్నారు. తేడా ఒక్కటే. రోజో మనిషికి తన బండిని మంచున్న రాష్ట్రానికి లాక్కెళ్లే రోడ్డూ పికప్పూ పెట్టే ఉన్నాయి. గుల్‌మార్గ్ స్కూటర్‌వాలాకు ఆ కొండ తప్ప వేరే దిక్కు లేదు.

అందుకే రోజో ఇళ్ల ముందున్న ఆ పెట్టెలు సంపన్నుల ఆటవస్తువుల గోదాముల్లా కనిపించినా, అవి ఓ రకం బీమా పాలసీలు. రెండిరుసుల ఎత్తైన పెట్టె కొన్నవాడు చలికాలం మీద నమ్మకం సగం వదులుకున్నట్టు. ఒంటి ఇరుసు పొట్టి పెట్టెతో సరిపెట్టుకున్నవాడు ఇంకా ఆకాశాన్నే నమ్ముకున్నట్టు. ఇద్దరూ పొద్దున లేచి చేసే మొదటి పని మాత్రం ఒకటే, కిటికీ తెర తీసి రాత్రి మంచు పడిందేమో చూడటం. పడితే ఆ రోజు ట్రైలర్ పని ట్రైలర్‌కు ఉండదు. షెడ్డు తలుపు తీసి, వాళ్ల తాతల్లాగే ఇంటి గుమ్మంలోంచే బయల్దేరతారు.