ఊపిరి బిగబట్టి ఆడే ఆట

దయ్యాల గేమ్ ఏదైనా చెప్పమంటే అందరూ రెసిడెంట్ ఈవిల్ దగ్గరే ఆగిపోతారు. నేను మాత్రం ‘డిటెన్షన్’ అంటాను. తైవాన్‌లోని రెడ్ క్యాండిల్ గేమ్స్ 2017లో తెచ్చింది. 1960ల నాటి కథ. మార్షల్ లా రోజులు, కొండల్లో ఓ హైస్కూలు, బయట తుఫాను. చేతిలో తుపాకీ ఉండదు. దయ్యం ఎదురైతే ఊపిరి బిగబట్టి పక్కనుంచి మెల్లగా జారుకోవాలి. (కుర్చీలో కూర్చున్న నేనూ బిగబట్టాను, నవ్వకండి!) అయితే నన్ను నిజంగా వణికించింది దయ్యాలు కాదు. నిషేధించిన పుస్తకాలు చదివారని సాటివాళ్లను పట్టించే మనుషులు. 2019లో సినిమాగా కూడా వచ్చింది గానీ, ముందు గేమే ఆడండి. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. ఇయర్‌ఫోన్స్ మాత్రం మర్చిపోకండి.