ఏ వైపు?

పొత్తికడుపునందు కుడివైపున నొప్పి యని వచ్చిన యువతిని చూడగానే మనవారికి స్ఫురించునది ఇరవైనాలుగు గంటల నొప్పి. కాని ఆ శూల హఠాత్తుగా పుట్టి, వెంటనే వాంతియై, కొంతసేపు తెరపియిచ్చి మరల తిరుగబెట్టినదని రోగి తన నోట చెప్పుచుండగా అండాశయమును స్మరింపని వైద్యుడు ఆమెకు అన్యాయము చేసినవాడగును. ఎడమవైపున పెద్దప్రేగు చోటు ఆక్రమించియుండుటచే కాబోలు, అండాశయపు మెలియు కుడివైపుననే అధికము. భ్రాంతికి ఇదియొక హేతువు.

బెంగళూరులో ఒక పీజీనుండి స్నేహితురాండ్రు ఆటోలో తీసికొనివచ్చిన అనంతపురపు పిల్ల విషయమున అల్ట్రాసౌండు పెద్ద తిత్తితో ఉబ్బిన అండాశయమును చూపెను. డాప్లరులో మాత్రము రక్తప్రవాహము కనబడుచుండెను. ప్రవాహమున్నది గదా, తెల్లవారువరకు చూతమని యొకరనిరి. నాకు సమ్మతము కాలేదు. కాడ మెలితిరిగినపుడు పలుచని గోడలుగల సిరలు ముందుగా నొక్కుకొనిపోవును. దృఢమైన ధమని మాత్రము చాలసేపు రక్తమును పంపుచునే యుండును. పైగా గర్భాశయధమనినుండి వచ్చు రెండవ పోషణయు కలదు. కావున లోనికి వచ్చిన రక్తము వెలికిపోలేక అవయవము బరువెక్కి నల్లబడుచున్నను తెరమీద రంగులు మెఱయుచునే యుండవచ్చును. డాప్లరు చూపని ప్రవాహము అనుమానమును బలపఱచును గాని, చూపిన ప్రవాహము దానిని తొలగింపజాలదు.

ఆ రాత్రియే ల్యాపరోస్కోపీ చేసితిమి. అండాశయమును నాళమును కలిసి రెండు చుట్లు తిరిగి నేరేడుపండు వన్నెకు వచ్చియుండెను. పూర్వపు శస్త్రవైద్యులు అట్టి మెలిని విప్పినచో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు పోవునని భయపడి కోసివేసెడివారు. ఆ భయము అనుభవమున నిలువలేదు. మెలి విప్పి, తిత్తిని ఒలిచివేసి, అండాశయమును నిలుపుకొంటిమి.

ఇంటికి పంపునాడు ఆమె అన్న వచ్చెను. అతడు ఈ నగరమునందే అమెరికా ఆసుపత్రుల రికార్డులకు మెడికల్ కోడింగు చేయు ఉద్యోగి. డిశ్చార్జి సమ్మరీ చదివి, "డాక్టరుగారూ, అడ్నెక్సల్ టార్షన్ అని మాత్రమే ఉందండి. ఏ వైపో లేదు, ట్యూబు కూడా తిరిగిందో లేదో తెలియడం లేదు. మేమైతే దీన్ని డాక్టరుకే క్వెరీ పంపుతాం" అనెను. ఓపీ కాగితముమీద ‘టార్షన్ కావచ్చు’ అని వ్రాసినచో తాము కడుపునొప్పికే కోడు వేయుదుమనియు చెప్పెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థవారి పదవ వర్గీకరణమున ఈ మెలి యంతయు ఎన్83.5 అను నొక్క సంఖ్యలో ఇమిడిపోవును. అమెరికావారు దానిని విభజించి, అండాశయము మాత్రమే తిరిగినచో కుడికి ఎన్83.511, ఎడమకు ఎన్83.512 అనిరి, అండాశయమును నాళమును కలిసి తిరిగినచో ఎన్83.53, దానిలో మరల కుడియెడమలు లేవు! వ్యాధి పెద్దదైనచోటనే అంకె మూగవోయినది. రేపు ఈమెకే మరల నొప్పి వచ్చి, వేఱొక ఊరి వైద్యుని యెదుట కూర్చున్నపుడు, మునుపు తిరిగినది ఏ వైపో, దానిని ఉంచిరో తీసిరో ఆయనకు చెప్పవలసినది అంకె కాదు, మా వాక్యమే.

యువవైద్యుని పిలిచి సమ్మరీని మరల వ్రాయించితిని: కుడి అండాశయము, కుడి నాళము, రెండు చుట్లు, విప్పకముందలి వర్ణము, విప్పినపిదప వచ్చిన మార్పు, తిత్తి తొలగింపబడినది, అండాశయము నిలుపబడినది, బయాప్సీ నివేదిక రావలసియున్నది.