కళ్లం దగ్గరి తెల్లగూబ

గూబ పేరెత్తితే చాలు, మా నాయనమ్మ పొయ్యిలో ఉప్పురాళ్లు వేసేది. మేళ్లచెరువులో మా పాత పెంకుటిల్లు ఒకటి పాడుబడి ఉండేది. దాని అటక మీద తెల్లగూబల జంట కాపురం. పొద్దుగూకాక లోపల్నుంచి బుసలు వినిపించేవి. పాముందని కొందరు, దయ్యమని కొందరు. ఎవరి పంతం వాళ్లది.

తాత పగంతా ఎలుకల మీద. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు మా వైపు వచ్చాక మెట్టచేలు వరిమళ్లయ్యాయి, గట్ల నిండా బొరియలూ అయ్యాయి. పొట్ట మీదున్న పైరును మొదట్లోనే ఏటవాలుగా కొరికి పడేసేవి. బొరియ తవ్వితే లోపల వెన్నులు పోగేసి ఉండేవి. తాత పొగ పెట్టించాడు, బుట్టలు పెట్టించాడు, నూనె కలిపిన నూకల్లో మందూ పెట్టాడు. మళ్లీ పంటకు మళ్లీ అవే ఎలుకలు.

వానాకాలం వడ్లు కళ్లంలో ఉండగా ఓ వెన్నెల రాత్రి తాత నన్ను మోచేత్తో పొడిచాడు. "సప్పుడు చెయ్యకు, సూడు."

కరెంటు స్తంభం మీద గూబ. తల వంచి గడ్డి వైపు మొహం తిప్పింది. కాసేపు అలాగే ఉండి, లేచింది. రెక్కల చప్పుడన్నదే లేదు! గడ్డి పైన ఒక్క క్షణం ఆగి, కాళ్లు ముందుకు చాచి పడింది. వినపడింది ఎలుక కిచకిచ ఒక్కటే.

గూబ ఎడమ చెవిరంధ్రం కుడిదానికన్నా కాస్త పైన ఉంటుందని తర్వాతెప్పుడో చదివాను. చప్పుడు పైనుంచి వచ్చిందో కిందినుంచో ఆ తేడాతోనే పసిగడుతుంది. పళ్లెంలాంటి మొహం ఆ చప్పుడును చెవులకు చేరుస్తుంది. రెక్క అంచున దువ్వెన పళ్లలా ఉండే ఈకలు గాలి మోతను అణచేస్తాయి. అమెరికాలో రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త చీకటి గదిలో ఆకులు పరిచి చేసిన ప్రయోగాలు 1971లో అచ్చయ్యాయి. ఎలుక బదులు దారానికి కట్టిన కాగితపుండను ఆకుల్లో లాగినా గూబ దాని మీదికే దూకిందట.

పగటిపూట ధైర్యం చేసి పాత ఇంట్లోకి దూరాను. అటక కింద బూడిదరంగు ఉండలు. గూబ ఎలుకను మింగేశాక అరగని బొచ్చూ ఎముకలూ ఇలా కక్కేస్తుంది. పుల్లతో విప్పితే చిన్నచిన్న పుర్రెలు, నారింజరంగు ముందుపళ్లు. పైన అటక మీద నాలుగు పిల్లలు, ఒక్కొక్కటీ ఒక్కో సైజు. బుసలన్నీ వాటి ఆకలి కేకలే.

ఆ ఉండలన్నీ గోనెపట్టా మీద పరిపించి తాత పుర్రెలు ఏరించాడు. ఆ వారమే పెదనాన్న ఇల్లు దించి పెంకులు అమ్మేద్దామన్నాడు.

"పిల్లలు ఎగిరిపోయిందాక ఆగురా, పెంకులు యాడికి పోతయ్" అన్నాడు తాత.