కూనూరు కొండమీద టీ పాఠం

నలభై ఆరవ ఏట నాకు చక్కెర వ్యాధి వచ్చింది. డాక్టరుగారు మాత్రలు వ్రాసి ఇచ్చి, “రోజుకు ఎన్ని టీలు తాగుతారు?” అని అడిగారు. ఆఫీసులో నాలుగు, ఇంట్లో రెండు అన్నాను. “ఒక్కొక్క దానికి పంచదార?” రెండు చెంచాలన్నాను. ఆయన కలం బల్లమీద పెట్టి నావంక చూశారు. లెక్కలు కట్టడమే నా ఉద్యోగం గనుక, పన్నెండు చెంచాలని మొత్తం నేనే చెప్పి తలవంచుకున్నాను.

మా ఇంటావిడ మరునాడే పంచదార లేకుండా టీ ఇచ్చింది. పొడిని పాలతో కుతకుత మరిగించడం మా ఇంటి అలవాటు. తీపి ఉన్నన్నాళ్లు తెలియలేదు గాని, అది తీసేసేసరికి ఆ చేదు గొంతు దిగలేదు. సరే, టీయే మానేశాను. టీ పోయినందుకు అంత బాధలేదు. నాలుగు గంటలకు తోటి గుమాస్తాలందరూ చేరే బల్ల దగ్గరకు పోలేక, ఫైలు ముందు పెట్టుకుని ఒంటరిగా కూర్చోవడమే బెంగ అయింది.

ఇది తెలిసి కూనూరులో ఉన్న మా అక్క, “సంక్రాంతికి రారా తమ్ముడూ, నీకు టీ తాగడం నేర్పుతాను” అని కబురుచేసింది. బావగారు అక్కడి తేయాకు ఫ్యాక్టరీలో లెక్కలు వ్రాసి రిటైరయినవారు.

కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం చేరి, తెల్లవారి కొండ రైలు ఎక్కాను. ఈ దారి 1899లో కూనూరు వరకు, 1908లో ఉదకమండలం వరకు వేశారు. 2005లో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వాలలో చేర్చారు. మొత్తం 46 కిలోమీటర్లు. 208 వంపులు, 16 సొరంగాలు. కల్లారు పోకతోటలు దాటగానే పట్టాల నడుమ పళ్ల కడ్డీ మొదలవుతుంది. ఇంజను ముందుండి లాగక, వెనుకనుండి బండిని మెల్లగా ఎగువకు నెడుతుంది. అడవి పలచబడ్డాక, దువ్విన జుట్టులా కొండవాలుల నిండా తేయాకు తోటలు కనిపించాయి.

మరునాడు బావగారు నన్ను ఒక తోటకు తీసుకుపోయారు. తేయాకు మొక్కను వదిలేస్తే చెట్టవుతుందట. నడుము ఎత్తున కత్తిరిస్తూ పొదగా ఉంచుతారు. ఆకు కోసే ఒక పెద్దావిడ “ఇరండు ఇలై, ఒరు మొట్టు” అంటూ చేతిలోని చిగురు చూపింది. రెండాకులు, ఒక మొగ్గ. మన మొగ్గే వారి మొట్టు. ఆమె తండ్రి సిలోను తోటలలో పుట్టి, 1964 నాటి ఒప్పందం తరువాత ఇటు వచ్చినవాడట. “మీరు ఏ టీ తాగుతారమ్మా?” అని అరవంలో అడిగాను. “డస్టు టీయే అయ్యా, మొగ్గ టీ మాకెక్కడ?” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నాలుగు కిలోలకు పైగా పచ్చి ఆకు కోస్తేగాని ఒక కిలో టీ కాదు.

ఇంటికి రాగానే అక్క మూడు గ్లాసులు ముందుపెట్టింది. ఒకటి ఎర్రన, ఒకటి లేతపచ్చన, మూడవది దాదాపు నీళ్లే. “ఏది ఏ మొక్కదో చెప్పు” అన్నది. మూడు మొక్కలని చెప్పి పరాజితుణ్ణయ్యాను.

“మొక్క ఒక్కటే, చేతి పని వేరు” అన్నారు బావగారు. కోసిన ఆకును పూటంతా వాడబెట్టి, నలిపి, గాలికి ఎర్రబారనిచ్చి, వేడిగాలిలో ఆరబెడితే నల్ల టీ. నలపకముందే వేడి తగిలించి ఆ ఎర్రబారడాన్ని ఆపితే పచ్చ టీ. లేత మొగ్గలను నలపకుండా వాడబెట్టి ఆరబెడితే తెల్ల టీ. మన ఇళ్లలో మరిగేది మరొక రకం. పళ్ల రోలర్ల మధ్య ఆకును కోసి, చింపి, గుళికలుగా చుట్టిన సి.టి.సి. టీ. పాలకూ పంచదారకూ తట్టుకునేది అదే.

“ఆకు టీ నాకివ్వు, నేను కాస్తాను” అన్నాను. పచ్చ టీని అలవాటు ప్రకారం పొయ్యిమీద మరిగించాను. ఒక్క గుక్కకే కషాయం గుర్తొచ్చింది. అక్క పకపక నవ్వి, “ఒరేయ్, ఆకును ఉడకబెట్టకూడదురా, నానబెట్టాలి” అన్నది.

ఆమె చెప్పిన లెక్క ఇది. ఒక కప్పు నీటికి చిన్నచెంచాడు ఆకు, అంటే రెండు గ్రాములు. నల్ల టీకి అప్పుడే మరిగిన నీరు పోసి, మూతపెట్టి, మూడు నాలుగు నిమిషాలు. పచ్చ టీకి మరిగిన నీటిని రెండుసార్లు చల్లని గిన్నెలలోకి ఒంపి, వేడి 80 డిగ్రీలకు దిగాక పోసి, రెండు నిమిషాలు. తెల్ల టీకి ఒకసారి ఒంపితే చాలు, అయిదు నిమిషాలు. గడువు కాగానే వడకట్టాలి. ఆకు అందులోనే ఉంటే చేదు దిగుతుంది. భోజనంతో తాగితే అన్నంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు గనుక గంట ఎడం ఉంచాలి.

తాగడం బావగారు నేర్పారు. కూనూరులో 1963 నుంచి టీ వేలం ఉన్నది. అక్కడ రుచి చూసేవారు గట్టిగా చప్పుడుచేస్తూ జుర్రుకుంటారట. గాలితో కలిస్తేనే వాసన ముక్కుకు ఎక్కుతుంది. మర్యాద మరచి నేనూ జుర్రాను. మూడవరోజు ఉదయం, చలికాలపు నల్ల టీలో ఏదో పువ్వు వాసన తగిలింది. పాలు లేవు, పంచదార లేదు. అవి లేవన్న సంగతి గ్లాసు ఖాళీ అయ్యాకగాని గుర్తురాలేదు.

టీ నా జబ్బుకు మందని చెప్పను. మాత్రలు మింగుతూనే ఉన్నాను. కాని ఇప్పుడు చిన్న సీసాలో ఆకు, ఫ్లాస్కులో వేడినీరు ఆఫీసుకు తీసుకుపోతున్నాను. మొదటిరోజు “ఇదేమిటండీ, రంగునీళ్లా?” అని వేళాకోళం చేశారు. వారం తిరగకుండా, వారిలో ఒకాయన తన గ్లాసు నా ముందుకు జరిపి, “నాకూ షుగరేనండీ, కొంచెం పొయ్యండి” అన్నాడు.

పోశాను. నాలుగు గంటల బల్ల దగ్గర నా కుర్చీ మళ్లీ పడింది.