గానుగ పొయ్యిలో నాలుగు పిల్లలు

మా ఐరాల పక్క చలి అంటే నీళ్లు గడ్డకట్టే చలి కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పొగమంచు దిగి, మామిడాకుల మీది నుండి నీళ్లు టపటపా రాలుతాయి, అంతే. దుప్పటి కప్పుకొన్నవానికి అది హాయిగానే ఉంటుంది. అందుకే కుక్కకు చలి అనే మాట ఎవరైనా ఎత్తితే మావాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వినవాడినే.

2021 నవంబరులో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను ముంచిన వానలు మీలో అనేకులకు జ్ఞాపకముండవచ్చు. ఆ వానలు వెలిసిన కొన్నాళ్లకు మా బెల్లం గానుగ దగ్గర ఒక ఊరకుక్క ఈనింది. నాలుగు పిల్లలు. మన ఊరకుక్కలు చాలావరకు వానాకాలం చివర చూలు కట్టి, రెండు నెలలకు, సరిగ్గా చలి ముదిరే వేళకే ఈనుతాయి. ఆ తల్లి పొయ్యి గుంతను ఎంచుకొంది. కొప్పెర దించిన తరువాత కూడా బూడిద రాత్రంతా వెచ్చగా ఉంటుంది గదా!

వేకువన చెరకు పిప్పి వేసి అగ్గి పెట్టబోతుంటే మా అవ్వ, "నిలు నాయనా, లోపల ఏదో కుయ్యిమంటాంది" అని అరిచింది. ఆమె చెవులు లేకపోతే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అయితే నేను చేసిందేమి? పని ఆగిపోతుందన్న కోపంతో తల్లిని కట్టెతో అదిలించి, పిల్లలను తెచ్చి సిమెంటు గచ్చు మీద పెట్టి, పైన ఒక తడి గోనెసంచి కప్పినాను. చాలుననుకొన్నాను.

ఆ రాత్రి మేము సంఘస్థులతో కలిసి ఇంటింటికి క్రిస్మస్ పాటలు పాడి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. మా చిన్నోడు టార్చిలైటు వేసి చూసి, "నాయనా, ఇది కదల్లేదు" అన్నాడు. ముట్టుకొంటే రాయి మాదిరి చల్లగా ఉంది. గబగబా పాలు కాచి ఇంకు ఫిల్లరుతో నోట్లో పోసినాను. తెల్లారేలోపల అది చనిపోయింది.

పశువుల డాక్టరు గారు తరువాత చెప్పినారు. పుట్టిన మొదటి రోజుల్లో కుక్కపిల్లకు వణికే శక్తి కూడా ఉండదట. దాని వేడి అంతా తల్లి ఒంటిదే. చల్లబడిన పిల్ల కడుపులో పాలు అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మొదట గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాతో, లేదా మన ఒంటికి ఆనించుకొని మెల్లగా వెచ్చజేయాలి. పాలు ఆ తరువాతే. వీలైతే తల్లి పాలే, ఆవుపాలు వాటికి మరీ పలచన. మనుషులు ముట్టితే తల్లి మళ్లీ దగ్గరికి రానీయదని మనవాళ్లు అంటారుగాని, అది ఉత్త మాట.

ఆ దినమే గాలి తగలని మూలలో రెండు ఇటుకల మీద పలక వేసి, పైన ఎండిన వరిగడ్డి పరిచినాము. గచ్చు ఒంటి వేడిని లాగేస్తుంది, తడిసిన గోనె అంతకంటే చెరుపు. గడ్డి తడిస్తే తీసి వేరేది వేయడం చిన్నోని పని. తల్లికి సాయంత్రం ఒక సంగటి ముద్ద ఎక్కువ. పిల్లలతో ఉన్న కుక్క దగ్గరికి చిన్నబిడ్డలను మాత్రం పంపకండి. కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, అప్పుడే ఆసుపత్రికి పోవాలి.

ఆ వారం కుటుంబ ప్రార్థనలో చిన్నోడు, "ప్రభువా, మా నాయనకు తెలియక చేసినాడు" అన్నాడు. నాకు తెలియకనా? సామెతలు 12వ అధ్యాయం 10వ వచనం సండేస్కూల్లో నేనే వానికి నేర్పించినాను. చెరలో ఉన్న పౌలు, చలికాలం రాకముందే రమ్మనీ, వచ్చేటప్పుడు తన అంగీ తెమ్మనీ తిమోతికి వ్రాసినాడు. అంతటి అపొస్తలునికే చలి బాధ ఉంటే, నోరులేని దానికి ఉండదని నేనెట్లా అనుకొన్నానో!

మిగిలిన మూడింటిలో రెండింటిని ఊళ్లోవాళ్లు తీసుకొనిపోయినారు. ఇప్పుడు పొయ్యి రాజేసే ముందు పొడుగు కట్టెతో గుంతంతా తడిమి చూస్తాము. ట్రాక్టరు తీసే ముందు కూడా కింద వంగి చూస్తాము. ఆ తల్లి చిన్నోని చేతిలో ముద్ద తింటుంది. నేను పెడితే మాత్రం, నేను లేచి అవతలికి పోయేదాకా దూరంగా నిలబడి చూస్తుంటుంది.