తుంగతుర్తి దారిలో

తుంగతుర్తి సూర్యాపేట జిల్లాలో ఉత్తరభాగమున నున్నది. పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున సూర్యాపేట ప్రత్యేక జిల్లా యైనపుడు దానిలో చేరినది. యాత్రికులను దూరమునుండి రప్పించు మహాక్షేత్ర మేదియు ఆ యూర లేదు. అయినను బతుకమ్మ దినములలో అచటికి బోయివచ్చిన పిమ్మట, పాట కట్టుటలోను పూలు పేర్చుటలోను చేయి ముందా, యాలోచన ముందా యను ప్రశ్న నన్ను విడువలేదు. ఆ ప్రశ్నకు సంబంధించినంతవఱకే ఈ ప్రయాణమును సోదరీమణులకు నివేదించుచున్నాను.

మేము మొదట సూర్యాపేటకు చేరువనున్న పిల్లలమఱ్ఱికి బోయితిమి. కాకతీయుల కాలమున రేచర్ల రెడ్లు ఆ సీమ నేలిరి. అచటి ఎఱకేశ్వరాలయము 1208వ సంవత్సరమునాటిది. బేతిరెడ్డి భార్య యెఱకసానమ్మ దానిని కట్టించెను. ఎనిమిదివందల యేండ్లు గడచినను ఒక యిల్లాలి పేరు దేవుని పేరుతో కలిసి నిలిచియుండుట చూచి నాకు సంతోషము కలిగినది. నల్లరాతి స్తంభములపై చెక్కిన సన్నని పనిని చేతితో తడవి చూచితిని. ఒక్క దెబ్బ తప్పిన మఱల అతుకుటకు వీలులేని పని యది. శిల్పి ముందుగా కొలతలు వేసికొనియే యుండును. కాని ఉలి ఱాతికి ఆనిన క్షణమున ఎంత బలముతో గొట్టవలయునో ఏ కొలబద్ద చెప్పగలదు?

ఆ యూరి పేరే యింటిపేరుగా గల కవి పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు పదునేనవ శతాబ్దమువాడు. జైమినిభారతమును సాళువ నరసింహరాయల కంకిత మిచ్చెను. గడువు దగ్గఱపడువఱకు ఆయన యేమియు వ్రాయక కాలము గడపెననియు, కడపటి రాత్రి గది నలికించి, దీపములు పెట్టించి, తలుపు మూసికొనగా సరస్వతియే వచ్చి కావ్యమును వ్రాసెననియు, అన్నగారు తలుపుసందున తొంగిచూడగా, బావగారు వచ్చిరని సిగ్గుపడి యామె మాయమయ్యెననియు పెద్దలు చెప్పుదురు. కథను కథగానే గ్రహింతము. కాని పనిలేక తిరిగినట్లు కనబడిన ఆ దినములన్నిటను కావ్యము ఆయన లోపల ఉడుకుచునే యుండెనని నాకు దోచును. మాటిమాటికి మూత తీసి చూచినంతమాత్రమున అన్నము త్వరగా ఉడుకునా? ఆ అన్నగారి చూపువంటిది మనలోపలను ఒకటి కలదు. పని సగములో నుండగానే ‘బాగుగా నున్నదా? చూచినవా రేమందురు?’ అని సందునుండి తొంగిచూచును. అంతటితో వాణి లేచి పోవును.

శృంగారశాకుంతలము గూడ ఈ కవి రచనయే. దానికి పూర్వము కాళిదాసు వ్రాసిన నాటకమున దుష్యంతుడు శకుంతలను మొదట చూచినపుడు, ఈమె తాను వివాహమాడదగినదో కాదో యని సంశయించి, ఇట్టి సందేహములందు సత్పురుషులకు తమ మనస్సు మొగ్గిన వైపే ప్రమాణమని సమాధానపడును. ఈ మాటను మనవారు తఱచుగా వాడుదురు గాని, ‘సత్పురుషులకు’ అను నియమమును విడిచివేయుదురు. ప్రతి మనస్సునకు ఆ యధికారము లేదు. (అట్టి మనస్సు గల రాజే పిదప భార్యను మఱచెను. శాపవశమున నందురు, కానిండు.) ఆలంకారికులును ప్రతిభ యొక్కటియే చాలుననక, వ్యుత్పత్తిని అభ్యాసమును దానికి జతచేసిరి.

ఆ యభ్యాస మెట్టిదో తుంగతుర్తిలో కన్నులార చూచితిని. దారిపొడవున తంగేడు విరియబూచి యున్నది. ఒక యింటి వసారాలో స్త్రీలు తాంబాళములో ఆకులు పఱచి, గునుగుపూల కొసలకు రంగులద్ది, వరుసమీద వరుసగా బతుకమ్మను పేర్చుచుండిరి. ఒక యువతి ప్రతి వరుసకును లేచి దూరముగా నిలిచి చూచుచు, వేసిన పూలను తీసి వేఱు రంగు వేయుచుండెను. తీసిన చోట క్రింది వరుస సడలి, ఒకవైపు ఒరిగినది. ప్రక్కనే యొక వృద్ధురాలు మాటలాడుచునే పేర్చుచుండెను. చూపు మామీదనే, చేయి మాత్రము తంగేడు దగ్గఱ తంగేడును, గునుగు దగ్గఱ గునుగును తీసికొనుచుండెను. ఆ చేయి ఎన్ని పండుగలు చూచెనో!

సాయంకాలము ఆటలో గూడ నంతే. చుట్టు తిరుగుచు ఒకరి తరువాత నొకరు చరణము నందుకొనవలయును. ఆ యువతి వంతు రాగానే ఆమె నోట మాట రాలేదు. చప్పట్లు ఒక్క తాళము తప్పినవి. వృద్ధురాలు తిరుగుట మానకయే, “ఆగితే పాట తెగుతది బిడ్డా. నోటికొచ్చింది అను. మంచిగ లేకుంటే మల్ల సుట్టుల దిద్దుకుందువు” అనెను. మఱుచుట్టులో ఆ పిల్ల యేదో యనినది. గొప్పది కాదు, కాని అందఱును దానిని పల్లవితో కలిపి యెత్తుకొనిరి.

ఈ ఉయ్యాలపాటయే ఈ సీమలో ఒకప్పుడు మఱియొక పని చేసినది. తుంగతుర్తికి సమీపమున కర్విరాల కొత్తగూడెమున 1931లో భూస్వాముల యింట మల్లు స్వరాజ్యము జన్మించెను. బాల్యమునందే ఆంధ్రమహాసభ పిలుపు విని తమ యింటి ధాన్యమును వెట్టివాండ్రకు పంచిపెట్టెను. తెలంగాణ సాయుధ పోరాటమున ఊరూర తిరిగి, వెట్టిబాధను ఉయ్యాల వరుసలో పాడుచు స్త్రీలను కూడగట్టెను. నిజాము ప్రభుత్వ మామె తలకు పదివేల రూపాయల వెల కట్టినది. ఇదే తుంగతుర్తినుండి 1978లోను, 1983లోను శాసనసభకు ఎన్నికయ్యెను. 2022 మార్చి 19న పరమపదించెను. 1986లో వెలువడిన ‘మనకు తెలియని మన చరిత్ర’ యందు ఆనాటి స్త్రీల మాటలు వారి నోటివిగానే అచ్చయినవి. ఏ వరుసలో పాడవలయునని తర్కించుచు కూర్చుండిన పోలీసులు వచ్చియుందురు. చిన్ననాటినుండి చెవిలో నిండిన వరుసయే నోటికి వచ్చినది. విన్నవారికిని అదియే తెలియును గనుక రెండవ చరణమునకే గొంతు కలుపగలిగిరి.

బయలుదేరునపుడు ఆ వృద్ధురాలిని నిన్నటి చరణము మఱల చెప్పుమని కాగితము తీసితిని. ఆమె సంతోషముగా పాడెను. వ్రాసికొని చూచుకొంటిని, అది నిన్నటిది కాదు, క్రొత్తది.